పన్నెండు కిల్టులూ ఒక ఎర్ర గీతా

టైలరును పరీక్షించడానికి మా నాయనకు ఒక పద్ధతి ఉండేది. గళ్ళ చొక్కా కుట్టించుకుని, వేసుకుని, అద్దం ముందు నిలబడి జేబు కోసం వెతికేవాడు. జేబు కనబడితే ఆ టైలరు మళ్ళీ మా అంగడి మెట్లు ఎక్కేది లేదు. చొక్కా గళ్ళల్లో జేబు గళ్ళు కలిసిపోవాలి. చెయ్యి పెట్టి తడిమితే తప్ప అక్కడ జేబుందని తెలియకూడదు. గుత్తిలో మాది గుడ్డల అంగడి. మా ఇంట్లో దేవుడి పటం తర్వాత అంత నమ్మిన మాట ఒక్కటే: గడికి గడి కలవాలి.

నేనూ ఆ మాట మీదే పెరిగాను. పెళ్ళై అనంతపురం వచ్చాక పాతూరులో చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాను. చీర పట్టుకొచ్చిన వాళ్ళకు దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లంగా, ఫాలు తీసిచ్చే అంగడి. చిలకపచ్చకూ, లేత అరిటాకు పచ్చకూ తేడా ట్యూబులైటు కింద కూడా పట్టగలను. బేరంలో నన్ను గెలిచిన మనిషి ఈ బజారులో లేడని చెప్పుకుంటుంటాను. నేనే చెప్పుకుంటాను, ఇంకెవరూ చెప్పరు. జీవితమంతా రంగుకు రంగు, గడికి గడి కలిపాను. కలపకూడని చోట కూడా కలిపి, పన్నెండుమంది ఆడపిల్లల్ని పంద్రాగస్టు కవాతులోకి దిగకుండా చేయబోయాను. ఆ సంగతే ఇది.

జులై నెల. వాన లేదు, గాలి మాత్రం అంగడిలోని గుడ్డల్ని తానుల్లోంచి లాగేస్తోంది. మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, నడుము మాత్రం గజంబద్దలా నిటారుగా ఉంది. సైన్యంలో బ్యాగ్‌పైపు, అదే సంచి సన్నాయి, ఊది రిటైరైన మనిషి, ఊరు కణేకల్ వైపు. ఊరి చివర ఆడపిల్లల బడి ఒకటుంటే, అక్కడ పిల్లలకు బ్యాండు నేర్పుతున్నాడు. న్యూస్‌పేపరులో చుట్టిన మూట విప్పి కౌంటరు మీద పరిచాడు. ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు పట్టీల గళ్ళు, వాటి మధ్య సన్నటి ఎర్ర గీత. బరువైన ఉన్ని గుడ్డ.

"ఇది లంగా కాదమ్మా" అన్నాడు, నేను నోరు తెరవకముందే. అప్పటికే మూడు అంగళ్ళలో ఆ మాట పడి వచ్చాడని అర్థమైంది.

కిల్టు అట, బ్యాండులో ఊదేవాళ్ళు నడుముకు చుట్టుకునేది. ఆయన సర్వీసులో వేసుకున్నది. అలాంటివి పన్నెండు కావాలి. ఆ బడి బ్యాండును జిల్లా పెరేడ్ గ్రౌండులో కవాతుకు పిలవడం అదే మొదటిసారి. పిల్లలు ఏడాదిగా సాధన చేస్తున్నారు. ఆయన షరతు ఒక్కటే. కిల్టు నమూనా ప్రకారం ఉంటేనే గ్రౌండులోకి దిగుతారు, లేకపోతే లేదు. చుడీదార్లలో నడిస్తే కొంప మునుగుతుందా అని అడిగాను.

"ఊదేవాళ్ళకు బట్ట సగం సరిగ్గా ఉంటే ఊపిరి కూడా సగమే వస్తాదమ్మా. అట్లయితే గేటు బయటే నిలబడి జెండాకు సెల్యూట్ కొట్టి ఇంటికి పోతాం" అన్నాడు.

బేరం మొదలైంది. ఒక్కో కిల్టుకు ఎనిమిది మీటర్లన్నాడు. నాకు నవ్వాగలేదు. మా అవ్వ తొమ్మిది గజాల చీరను ఒళ్ళంతా చుట్టుకుని, గోచీ పోసుకుని, ఇంకా మిగిలిన కొంగుతో మనవళ్ళ ముక్కులు తుడిచేది. మోకాలి దాకా వచ్చే బట్టకు ఎనిమిది మీటర్లా? వెనక కుచ్చిళ్ళ లోపలికి పోతుందమ్మా అన్నాడు. ఎవరికీ కనబడకుండా లోపల దాక్కునే దానికి గుడ్డెందుకు అన్నాను. కరువు సీమలో పుట్టినదాన్ని, ముల్లు కుచ్చుకుని చిరిగిన చీరను కూడా కొంగు మార్చి కట్టుకునే మనుషుల మధ్య పెరిగినదాన్ని. ఎనిమిదిని ఏడు చేశాను, ఏడును ఆరు చేశాను, చివరికి నాలుగు దగ్గర నిలబెట్టాను. ఆయన మాట్లాడటం మానేశాడు. బేరంలో ఎదుటి మనిషి మౌనంగా ఉంటే గెలిచామనుకునే జాతి మాది. మిలిటరీవాళ్ళ మౌనానికి వేరే అర్థముంటుందని అప్పటికి తెలియదు.

నమూనా వదిలిపెట్టి పోతానన్నాడు. మళ్ళీ దాన్ని భద్రంగా దాచే బాధ్యత నాకెందుకని, ఒక్కసారి చూస్తే చాలన్నాను. కౌంటరు మీద అది ఎలా పరిచి ఉందో అలాగే ఫోనుతో ఫోటో తీసుకున్నాను. అంటే ముందు వైపు. కిల్టుకు ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనకే. తిప్పి చూడాలని నాకు తోచనే లేదు. ముప్పై ఏళ్ళుగా గుడ్డల్ని ముందు వైపు పరిచి అమ్మిన చేతులు ఇవి.

బెంగళూరు నుంచి గుడ్డ తెప్పించాను. కుట్టే పని మా అంగడి వెనక సందులో ఉండే దర్జీ ఆమెకు ఇచ్చాను. నాకంటే పదేళ్ళు చిన్నది. బెంగళూరులో గార్మెంట్స్ కంపెనీలో చాలా ఏళ్ళు మిషను తొక్కి, మొగుడు పోయాక కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా ఆరు రోజులూ జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజనులో చీరలకు ముందే కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి ఇస్తుంది. ఆమె కూతురే ఆ బ్యాండులో పెద్ద డ్రమ్ము మోసే పిల్ల. అందుకే ఈ పని మీద ఆమెకు నాకంటే ఎక్కువ పట్టింపు.

ఫోటో చూపించి, ముందు ఎలా ఉందో వెనక కూడా అలాగే కనబడాలని చెప్పాను. ఆమె తలూపింది. ఆమె కూడా గడికి గడి కలిపే చేతుల మనిషే. నాలుగు మీటర్లలో కుచ్చిళ్ళు కాస్త వెడల్పుగా, తక్కువగా వచ్చాయి కానీ, ఒక్కో మడత దగ్గర నీలం నీలంతో, నలుపు నలుపుతో కలిసిపోయింది. వెనక మడతలున్నాయని దూరం నుంచి తెలియనే తెలియదు. పన్నెండూ పూర్తయిన రోజు ఒకటి ఎత్తి పట్టుకుని చూశాను. మా నాయన బతికుంటే ఆ సందులోకి వచ్చి ఆమెకు దండం పెట్టేవాడు.

పంద్రాగస్టుకు పదకొండు రోజులుండగా ఆయన చూడటానికి వచ్చాడు. దర్జీ ఆమె ఇంటి వరండాలో కటింగ్ టేబుల్ మీద పన్నెండూ వరసగా పేర్చాం. ముందు వైపు ఒక్కదాన్ని కూడా చూడలేదు ఆయన. ఒక్కొక్కదాన్నీ తిప్పి బోర్లా వేశాడు. పన్నెండూ తిప్పాక, మొదటి దాని వెనక భాగం మీద వేలుపెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోయాడు.

"ఎవురు కలపమన్నారు?" అన్నాడు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. కలపకుండా ఎవరైనా కుడతారా అని, ఒక్క దారం తేడా చూపించమని సవాలు చేశాను. ఆయన సంచిలోంచి తన పాత కిల్టు తీసి, వెనక వైపు పైకి పెట్టి మా వాటి పక్కన పరిచాడు.

నేను చూసింది గళ్ళ గుడ్డ కాదు. వెనకంతా ఎర్ర గీత, దాని పక్కన ఎర్ర గీత, దాని పక్కన మళ్ళీ ఎర్ర గీత. నాగలి పట్టడం తెలిసినవాడు వేసిన సాళ్ళ మాదిరి. ప్రతి మడత నడిమధ్యలో అదే గీత వచ్చేలా మడిచారు. ఆకుపచ్చా నీలమూ చాలావరకు మడతల లోపలికి పోయాయి. ముందు ఒక గుడ్డ, వెనక ఇంకో గుడ్డ అనిపించింది. కానీ అది ఒకే గుడ్డ.

ఆయన నిదానంగా చెప్పాడు. కిల్టు వెనక కుచ్చిళ్ళు పెట్టడానికి రెండు దారులున్నాయట. మడతలన్నీ కలిసి మళ్ళీ అవే గళ్ళు కనబడేలా పెట్టడం ఒకటి, పెళ్ళిళ్ళకూ విందులకూ పోయే పెద్దమనుషుల దారి. ప్రతి మడత మీదా ఒకే గీత నిలబడేలా పెట్టడం రెండోది. "ఫౌజులో గడి కలపరమ్మా. గీత నిలబెడతారు" అన్నాడు. బ్యాండు ఎదురుగా వచ్చేటప్పుడు జనం పిల్లల ముఖాలు చూస్తారు, పైపులు చూస్తారు. దాటిపోయాక మిగిలేది వెనక భాగమే. అడుగు పడినప్పుడు మడత విచ్చుకుని లోపలి రంగు తళుక్కుమనాలి, అడుగు ఆగితే మూసుకుని ఎర్ర గీతే నిలబడాలి. అందరికీ ఒకేసారి. కనబడకుండా దాక్కునే గుడ్డ చేసే పని అది. నేను నాలుగు మీటర్ల దగ్గర కోసేసింది దాన్నే.

నేను ఊరుకోలేదు. ఊరుకుంటే మా వంశానికే మచ్చ. మా పనితనం గొప్పదన్నాను, కలపడమే కష్టం, గీత నిలబెట్టడం ఎవరైనా చేస్తారన్నాను, అంత దూరం నుంచి కలెక్టరుకు ఏం తెలుస్తుందన్నాను. పిల్లల పాట బాగుంటే చాలదా అని కూడా అడిగాను. ఆయన తన పాత కిల్టు మడిచి సంచిలో పెట్టుకుని, సోమవారం బడిలో చెప్పేస్తానన్నాడు, ఈ ఏడాదికి దిగడం లేదని. కోపం లేదు గొంతులో. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. కోపమున్న మనిషితో బేరమాడొచ్చు.

అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ దర్జీ ఆమె అప్పుడు నోరు విప్పింది. ఆయనతో కాదు, నాతో.

"అక్కా, మా పాపకు ఆ డ్రమ్ము పట్టీకి భుజం కాయ కాచింది."

నేను ఆయన చేతిలో సంచి పట్టుకున్నాను. లాక్కున్నాననే అనాలి. కుట్లన్నీ విప్పి గీత మీద మళ్ళీ మడుస్తాం, పది రోజుల్లో ఇస్తాం అన్నాను. ఆయన ఒక మడతను రెండు వేళ్ళతో పట్టి చూపించాడు. గుడ్డ తక్కువ కాబట్టి మా కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి కత్తుల్లా వాలాల్సిన మడతలివి, అందుకే వీటిని నైఫ్ ప్లీట్లంటారట.

"ఇది నైఫు కాదమ్మా, పార" అన్నాడు.

బెంగళూరుకు ఫోన్ చేశాను. ఆ రంగు తాను అయిపోయింది, కొత్త తానులో ఆకుపచ్చ ఒక వాసి తేడా ఉంటుందన్నారు. ఆ ఒక వాసి ఎండలో ఎలా అరుస్తుందో మ్యాచింగ్ సెంటర్ నడిపేదానికి ఇంకొకరు చెప్పాలా? ఫోన్ పెట్టేశాను. ముగ్గురం టేబుల్ చుట్టూ నిలబడ్డాం, చావు ఇంట్లో నిలబడినట్టు.

దర్జీ ఆమె పక్కనున్న గుట్టలోంచి సగం కుట్టిన ఒక స్కూలు గౌను లాగింది. ఏ వీధి బడిలో చూసినా ఆడపిల్లలు వేసుకునే మామూలు గౌనే. దాని కింది భాగంలో వెడల్పాటి కుచ్చిళ్ళు, రెండు అంచులూ అటొకటి ఇటొకటి లోపలికి మడిచి, పెట్టె మూతలా పైకి నిలిచేవి. బాక్స్ ప్లీట్లు. కిల్టు ఒకదాని కుట్లు కాస్త విప్పి, మడతను అలాగే అటూ ఇటూ లోపలికి తిప్పి, మధ్యలో ఎర్ర గీత వచ్చేలా పెట్టి, మూడు పిన్నులు గుచ్చింది. పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.

"సార్, ఇట్లయితే? వెడల్పే కదా దీనికి కావాల్సింది."

ఆయన వంగి చూశాడు, చాలాసేపు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచి కూర్చోవడం అదే మొదటిసారి. తన యూనిట్‌లో బ్యాండు హాలు గోడ మీద పాత ఫోటో ఒకటుండేదని, తన గురువు కంటే ముందు తరం వాళ్ళదని, వాళ్ళ కిల్టుల వెనక ఇవే పెట్టె కుచ్చిళ్ళని చెప్పాడు. ఆ పద్ధతి కూడా ఫౌజుదేనట. దానికి గుడ్డ తక్కువ పట్టేదట.

"తక్కువ గుడ్డే చాలని నేను ముందే చెప్పింటి గదన్నా" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. జీవితంలో మొదటిసారి గెలిచిన బేరాన్ని అక్కడితో వదిలేశాను.

ఒప్పుకున్నాడు, మూడు మాటల మీద. ప్రతి పెట్టె నడిమధ్యన గీత ఉండాలి, స్కేలు పెట్టి కొలుస్తాడు. కింది అంచు దగ్గర పన్నెండింటికీ ఒకే నల్లపట్టీ రావాలి. నడుము నుంచి తుంటి దాకా కుచ్చిళ్ళను చేత్తోనే కుట్టాలి, మిషను పడకూడదు. నేను అడిగింది ఒక్కటే. నమూనా వదిలి వెళ్ళమన్నాను. వెళ్ళాక ఫోటో తీసుకున్నాను, వెనక వైపు.

మరుసటి రోజు నుంచి అంగడి మూసేశాను. జాకెట్టు గుడ్డకు వచ్చిన వాళ్ళకు పదహారో తారీఖు రమ్మని చెప్పాను. ఒకావిడ, మ్యాచింగ్ సెంటర్‌లో మ్యాచింగ్ లేకపోవడమేంటని తిట్టింది. ఆ వారం మా ఇంట్లో మ్యాచింగ్ అనే మాట నిషేధమని ఆమెకు చెప్పలేకపోయాను.

విప్పడమే రెండు రోజులు పట్టింది. పాత మడతల గుర్తులు ఒక పట్టాన పోలేదు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేయాలి, చేసేలోపు కరెంటు పోతుంది. మూడో రోజు విసుగెత్తి సందు మొదట్లో ఇస్త్రీ బండి అన్న దగ్గరికి పోయి, బొగ్గుల పెట్టె ఇమ్మని అడిగాను. అది ఇస్తే తానేం చేయాలన్నాడు. అయితే బండినే తెచ్చి దర్జీ ఆమె వరండా ముందు పెట్టుకోమన్నాను, వీధి బట్టలన్నీ అక్కడికే వస్తాయని. పెట్టుకున్నాడు. ఆ వారం ఆయనకు గిరాకీ పెరిగిందని ఇప్పటికీ నాకే చెబుతాడు.

దర్జీ ఆమె మడత పెడుతుంది, సుద్దతో గీస్తుంది, పొడుగు కుట్లతో ఊరికే నిలబెడుతుంది. తర్వాత చేత్తో అసలు కుట్టు. పదకొండు కిల్టులు ఆమెవే. ఒక్కటి నేను కుడతానన్నాను. నాకు సూది పట్టడం వచ్చు. రానిది ఇంకొకటి. గీత మీద మడత పెట్టబోతే నా వేళ్ళు తమంతట తాము గుడ్డను జరిపి పక్క గడితో కలిపేస్తున్నాయి. ఎన్నోసార్లు ఆమె నా చేతి మీద కొట్టింది, చిన్నపిల్లను కొట్టినట్టు.

"కలపొద్దక్కా. గీత చూడు, గడి చూడొద్దు."

"చూస్తానే ఉండా మే. వేళ్ళే వినడం ల్యా."

మా నాయన చొక్కా జేబు నా వేళ్ళలో ఉంది. దాన్ని విప్పడానికి కుట్టు దొరకలేదు. అయినా మొండిగా కూర్చున్నాను. పెట్టె మధ్యన గీత రాకపోతే విప్పాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ విప్పాను. అలా విప్పినందుకు గుడ్డ కూడా నన్ను తిట్టుకుని ఉంటుంది. మెడ నొప్పి, కళ్ళ మంట. పద్నాలుగో తారీఖు మధ్యాహ్నానికి పన్నెండూ టేబుల్ మీద బోర్లా పడుకున్నాయి. ఆయన స్టీలు స్కేలుతో పది కొలిచాడు. మిగతా రెండు తీసుకోబోతుంటే బడి నుంచి ఫోన్ వచ్చింది, పిల్లలు ఎదురుచూస్తున్నారని. స్కేలు జేబులో పెట్టుకుని, "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకు దర్జీ ఆమె గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది.

పెరేడ్ రోజు జనమంతా స్టేజీకి ఎదురుగా తోసుకుంటున్నారు. నేనూ ఆమే అటు పోలేదు. బ్యాండు స్టేజీ దాటి వెళ్ళిపోయే చివర, తాడు పక్కన నిలబడ్డాం. అక్కడ ఎండ తప్ప ఇంకెవరూ లేరు. సంచి సన్నాయిల మోత ముందు వచ్చింది, తర్వాత పెద్ద డ్రమ్ము. ఆమె కూతురు డ్రమ్ముకు ఇటూ అటూ కొడుతూ మా ముందు నుంచి పోయింది. తల్లి వైపు చూడలేదు. చూడకూడదని నేర్పించి ఉంటారు.

దాటిపోయారు. అప్పుడు వెనక భాగం కనబడింది. పన్నెండు నడుముల మీద ఎర్ర గీతలు నిలువుగా, ఒక్కటి కూడా వాలకుండా. ఎడమ కాలు పడగానే మడతలన్నీ విచ్చుకుని నీలం, పచ్చ ఒక్క క్షణం బయటికొచ్చి, కుడి కాలు పడేలోపు మూసుకుపోయాయి. మళ్ళీ ఎర్రగీత. మళ్ళీ తళుక్కు. పక్కన ఆమె చేయి నా చేతిని గట్టిగా పట్టుకుంది. నాలుగు మీటర్లలో కూడా లోపల దాక్కునే గుడ్డ కొంచెం మిగిల్చుకున్నామని అప్పుడు చూశాను.

చూస్తూనే ఇంకొకటి కూడా చూశాను. చివరి వరస, ఎడమ పక్క పిల్ల. ఐదో పెట్టె మీద ఎర్ర గీత మధ్యలో లేదు, వేలెడంత పక్కకు జరిగి, పక్క మడత గడితో శుభ్రంగా కలిసిపోయి ఉంది. అంత చక్కగా కలిపే చేతులు ఆ పన్నెండింటిలో ఒక్కదాని మీదే పడ్డాయి.

అంతా అయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చాడు. దర్జీ ఆమెకు నిలబడి సెల్యూట్ చేశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"చివరి వరసలో ఎడమపక్కది మీరే కుట్టినారు కదమ్మా?"

అవునన్నాను.

"పోనీలేమ్మా. జనానికి కనపడదు."

"మీకు కనపడింది గదన్నా" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పిల్ల దగ్గరికి పోయి, బట్టలు మార్చుకున్నాక కిల్టు నాకు ఇచ్చి పొమ్మన్నాను. ఎందుకని అడిగింది, బాగానే ఉందంది. బాగుందని నాకూ తెలుసని, అదే సమస్య అని చెప్పాను. దానికేం అర్థమైందో, ఇచ్చేసింది.

పదహారో తారీఖు పొద్దున అంగడి తెరిచాను. జాకెట్టు గుడ్డ కోసం తిట్టినావిడే మొదట వచ్చింది. పది నిమిషాలు కూర్చోమని స్టూలు వేశాను. కౌంటరు మీద నుంచి గుడ్డలన్నీ పక్కకు తోసి, ఐదో పెట్టె కుట్టు విప్పడానికి కత్తెర తీసుకుని, కిల్టును పరిచాను. ఈసారి ముందుగా వెనక్కి తిప్పాను.